నేను వేసిన తాళంలో ప్రభాకర్ గారి గొంతు

అమెరికాలో, మా ఫ్రీమాంట్‌లో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నా పక్కన ప్లేటు పట్టుకుని కూర్చుని, "ఆంటీ, మీరు ఏ ఫీల్డ్?" అని అడుగుతారు. "టీవీలకి తాళాలు వేసేదాన్ని" అంటాను. జోక్ అనుకుని నవ్వుతారు. జోక్ కాదర్రా, నా ఉద్యోగ జీవితమంతా అదే. టీవీలో వచ్చే బొమ్మని మీరు చూడొచ్చు, మాటని వినొచ్చు, కానీ కాపీ తీసి ఇంకో చోటికి పట్టుకెళ్ళకూడదు. ఆ "కూడదు" అనే మాటని చిప్ లోపల కూర్చోబెట్టడం నా పని.

రిటైరయ్యాక వెనక పెరట్లో మెంతికూర, గోంగూర పెంచుకుంటూ హాయిగా ఉన్నాను. ఉద్యోగం గురించి రాయాలని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే కారణం ప్రభాకర్ గారు. ఒకప్పుడు మా ఊళ్ళో లోకల్ ఛానెల్‌లో వారం వారం వచ్చే తెలుగు కార్యక్రమానికి ఆయనే యాంకర్. ఆయనకి గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్‌లో స్వరపేటిక మొత్తం తీసేశారు. మనిషి బతికాడు, మాట పోయింది. ఆ మాట ఈ భూమ్మీద ఒక్కచోటే మిగిలింది: వాళ్ళింట్లో టీవీ కింద ఉన్న పాత రికార్డర్ డబ్బాలో. దాని తాళం మా టీమ్ చేసింది. ఆ గొంతుని బయటికి తియ్యడానికి నన్ను పిలిచారు. తియ్యలేకుండా చెయ్యడానికి జీతం తీసుకున్నదాన్ని నేను!

ఆ కథ చెప్పాలంటే ముందు పని ఏమిటో చెప్పాలి. ప్రమోషన్లూ, అవార్డులూ, వీసా తిప్పలూ రాయను. అవి అందరికీ ఉన్నవే.

ఆకాశంలోంచి పడే బొమ్మ

నేను బాపట్ల నుంచి వచ్చినదాన్ని. ఇక్కడ మొదటి ఉద్యోగం టీవీ చిప్‌లు చేసే కంపెనీలో. మా బాస్ పేరు వాల్ట్. పొడుగాటి మనిషి, నవ్వడం తక్కువ, టై మీద ఎప్పుడూ కాఫీ మరక. చేరిన మొదటి వారంలోనే నన్ను ఆఫీస్ డాబా మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక యాంటెన్నా, దాన్నుంచి ఒక చిన్న టీవీకి తీగ. దూరంగా కొండ మీద టవర్ చూపించి, "అది నువ్వెవరని అడగదు. నీ పేరు దానికి తెలీదు. తీగ పట్టుకుని నిలబడితే చాలు, ఇస్తుంది" అన్నాడు.

అప్పుడే కొత్తగా డిజిటల్ ప్రసారాలు మొదలవుతున్న రోజులు. నాకు తెలిసిన టీవీ అంటే చుక్కలు, గీతలు, మనిషి పక్కన ఇంకో మనిషి నీడ. ఇక్కడేమో టెన్నిస్ ఆడుతున్నవాడి నుదుటి మీద చెమట బొట్టు కనపడుతోంది. గాల్లోంచి వస్తోంది ఇదంతా, తీగ ముక్కలోకి! నేను నోరెళ్ళబెట్టి అలాగే నిలబడిపోయాను. మన చుట్టూ, మన ఒంట్లోంచి కూడా, ఇన్ని బొమ్మలు పోతున్నాయన్న సంగతి చదువుకోవడం వేరు, చూడడం వేరు. ఆ రోజు కలిగిన ఆశ్చర్యం నాకింకా తగ్గలేదు.

కానీ సినిమావాళ్ళకి గుండెల్లో దడ మొదలైంది కూడా అందుకే. పాత రోజుల్లో క్యాసెట్‌ మీద కాపీకి కాపీ తీస్తే బొమ్మ అరిగిపోయేది. డిజిటల్ అంటే అంకెలు. అంకెలు అరగవు. వెయ్యో కాపీ కూడా మొదటిదానిలాగే ఉంటుంది. దాంతో వాళ్ళు, "ప్రసారంలో చిన్న గుర్తు పెడతాం. ఆ గుర్తు కనపడితే ఏ టీవీ అయినా, ఏ రికార్డర్ అయినా ఇంటర్నెట్‌కి పంపనివ్వకూడదు, అందరూ పాటించాలి" అన్నారు. అవతలి పక్షం, "గాలి జనానిది. ఉచితంగా వచ్చేదానికి తాళమేమిటి?" అంది. వాషింగ్టన్‌లో ప్రసారాల కమిషన్ సరేనంది, తర్వాత కోర్టు ఆ అధికారం మీకు లేదని కొట్టేసింది. అయితే కేబుల్ డబ్బాల్లోకి మాత్రం అలాంటి గుర్తులే ఒప్పందాల పేరుతో చల్లగా వచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు కొత్త తరం ప్రసారాలు వస్తున్నాయి కదా, అక్కడ మళ్ళీ అదే గొడవ. గాల్లో వచ్చే ఛానెల్‌కి కూడా తాళం పెట్టి, తాళంచెవి కోసం మీ టీవీ ఇంకెవరినో అడగాలంటున్నారు. మీలో కొందరు ఆ పనిలోనే చేరుతున్నారు. అందుకే మీకు చెప్తున్నాను, శ్రద్ధగా వినండి.

ఇద్దరి మాటల్లోనూ నిజముంది అని తప్పించుకోను. సినిమా తీసినవాడి కష్టం దొంగ కొట్టేస్తుంటే చూస్తూ ఊరుకోమనడం అన్యాయం, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ నేను చూసినంతలో దొంగ ఎక్కడో ఒక్కచోట ఒక్క తాళం పగలగొడితే వాడి పని అయిపోతుంది. రోజూ తాళంతో కుస్తీ పట్టేది మటుకు ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళే.

ఎవరి దగ్గరా లేని తాళంచెవి

మా తాళం ఎలాంటిదో చెప్తాను. ఒక్కో డబ్బాలోని చిప్‌లో ఒక పెద్ద అంకె ఉంటుంది. అది చిప్ లోపలే పుడుతుంది, బయటికి రాదు. ఫ్యాక్టరీ వాళ్ళూ చూడరు, మేమూ చూడలేదు. డబ్బాలో రికార్డయిన ప్రతిదీ ఆ అంకెతో కలిసిపోయి చెదిరిపోతుంది. డిస్క్ ఊడదీసి ఇంకో చోట పెడితే కనపడేది బూడిద. ఊహించి తెరుద్దామంటే లోకంలో ఉన్న కంప్యూటర్లన్నీ పనిచేసినా మన మునిమనవల కాలానికి కూడా అవ్వదు.

మొదటిసారి ల్యాబ్‌లో అది పనిచేసిన రోజు నాకు బాగా గుర్తు. పరీక్ష కోసం వాల్ట్ మొహాన్నే రికార్డ్ చేశాం. తెర మీద బూడిదరంగు ఇసుక. చిప్‌ని దాని అంకె వాడనిచ్చాం. ఇసుకలోంచి వాల్ట్ మొహం, టై, టై మీద మరకతో సహా లేచి వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది. కాసిని అంకెలు, కాస్త గుణకారం, అంతే! ఇంత గట్టి వస్తువుని మనుషులు కాగితం మీద ఆలోచించి చేశారంటే నమ్మబుద్ధి కాలేదు. పూజగదిలో నిలబడ్డట్టు నిలబడ్డాను. "ఏం, నా మొహం అంత బాగుందా?" అన్నాడు వాల్ట్. ఆయన వేసిన జోకుల్లో అదొకటి, ఇంకొకటి ఉందో లేదో!

ఈ పనిలో చేరేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. రెండో ఏడాదికల్లా విసుగొస్తుంది. మీటింగులు, టికెట్లు, స్టేటస్ రిపోర్టులు తలకాయ తినేస్తాయి. అప్పుడప్పుడూ మీరు చేస్తున్నది ఎంత పెద్ద విషయమో ఆగి చూసుకోండి. ఆ ఆశ్చర్యం లేకపోతే ఇది చచ్చు ఉద్యోగం.

వాల్ట్ వాళ్ళమ్మ

ఒకసారి సినిమా కంపెనీల తరఫున కొందరు మా ఆఫీస్‌కి వచ్చారు. నల్ల సూట్లు, ఖరీదైన పెన్నులు. మా డబ్బా తీసుకుని ఎక్కడెక్కడ సందులున్నాయో చూపించమన్నారు. అన్నీ మూశాం అని నేను గొప్పగా చూపించాను. అప్పుడు అందులో ఒకావిడ డబ్బాని వెనక్కి తిప్పి, ఎర్రది, తెల్లది, పక్కపక్కనే ఉన్న రెండు రంధ్రాల మీద పెన్ను పెట్టింది. "ఇవి?"

అవి పాత రకం ఆడియో జాక్‌లు. తీగ పెడితే శబ్దం మామూలు కరెంటుగా బయటికొస్తుంది, దానికి తాళం ఉండదు. మా పరిభాషలో దీన్ని అనలాగ్ హోల్ అంటారు. ఎంత తాళం వేసినా చివరికి బొమ్మ కంటికి కనపడాలి, మాట చెవికి వినపడాలి. అక్కడికొచ్చేసరికి ఏ తాళమూ పనిచెయ్యదు. ఆలోచించిన కొద్దీ విచిత్రంగా ఉంటుంది నాకు. అప్పట్లో మాత్రం ఆ రెండు రంధ్రాలంటే ఒళ్ళుమంట. నా అందమైన తాళానికి కన్నాలు! తీసేద్దాం అని నేనే ముందు అన్నాను.

వాల్ట్ తల అడ్డంగా ఊపాడు. "మా అమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. ఆవిడ చెవికి పెట్టుకునే యంత్రం ఈ రెండు రంధ్రాలకే తగిలిస్తాం. నేను తియ్యను" అన్నాడు.

"మీ అమ్మగారికి స్పెషల్ బాక్స్ ఒకటి పంపుతాం" అందావిడ నవ్వుతూ.

"మా అమ్మలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు. అందుకే తియ్యను."

ఆ డీల్ కాస్త ఊగిసలాడింది. వాల్ట్‌ని పైవాళ్ళు పిలిచి బాగా కడిగేశారని విన్నాం. ఆయన మాత్రం మొండికేసి కూర్చున్నాడు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు పార్కింగ్‌లో పట్టుకుని, "ఇంత గట్టి తలుపు చేయించి గోడకి కన్నం పెట్టారు మీరు" అన్నాను. ఆయన కారు తలుపు తీస్తూ భుజాలెగరేశాడు. "ఏం చేస్తాం. మనుషులకి చెవులున్నాయి" అన్నాడు. ఆ జవాబు విని నాకు ఇంకా మండింది.

నోవైలో నేను దిద్దిన వాక్యం

ఇంకో సంగతి చెప్పి మన కథలోకి వస్తాను. మిషిగన్‌లో నోవై అనే ఊళ్ళో ఒక పెద్దాయన, కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైనాయన, మా డబ్బా కొని తన పాత టీవీకి పెట్టుకున్నాడు. ఆ టీవీకి మా తాళం భాష రాదు. దాంతో తెర నల్లగా అయిపోయి, "ఈ పరికరానికి అనుమతి లేదు" అని వచ్చింది. అదీ ఇరుగుపొరుగుని ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పిలుచుకున్న రోజున. ఆయన కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, వెళ్ళి చూసి రమ్మని నన్ను పంపారు. మోకాలి లోతు మంచు. గుమ్మంలోనే నిలబెట్టి అడిగాడు, "ఏమ్మా, నేను దొంగనా?"

ఆయన టీవీ మీద అరచెయ్యి వేసి, "వాళ్ళందరి ముందు నాకిది అనుమతి లేదంది" అన్నాడు. టీవీ చెడిపోయినందుకు కాదు ఆయన బాధ. సిగ్గుపడ్డాడు. నేను తిరిగొచ్చి ఆ వాక్యం మార్పించడానికి లాయర్లతో, మార్కెటింగ్‌వాళ్ళతో యుద్ధం చేశాను. చివరికి, "ఈ టీవీ, ఈ బాక్స్ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేకపోతున్నాయి" అని మార్చారు. నా పేరు మీద పేటెంట్లున్నాయి. వాటికంటే ఆ వాక్యమంటేనే నాకు ఎక్కువ ఇష్టం.

మాగ్జిమమ్ పెట్టండి

ప్రభాకర్ గారిది హనుమకొండ. ఆయన భార్య విజయ నన్ను అక్కా అంటుంది, వాళ్ళమ్మాయి స్నిగ్ధ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ప్రభాకర్ గారు పగలంతా సాఫ్ట్‌వేర్, శనివారం పొద్దున లోకల్ ఛానెల్‌లో తెలుగు గంట. లైవ్. పిల్లల కూచిపూడి, ఎవరో ఆవిడ బగారా అన్నం వండడం, ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళకి డ్రైవింగ్ టెస్ట్ కబుర్లు. అందరికీ ఇష్టమైంది ఆయన గొంతే. ఇంట్లో గట్టిగా, "ఏందే, చాయ్ ఏడబెట్టినవ్?" అని అరిచే మనిషి, టై కట్టుకుని కెమెరా ముందు కూర్చోగానే, "ప్రేక్షక మిత్రులకు సాదర స్వాగతం" అని వెన్నలాగా మాట్లాడేవాడు. "అది మా ఇంటాయన కాదు అక్కా, ఎవరో కిరాయికొచ్చిండు" అని విజయ నవ్వేది.

ఆ ఛానెల్ డిజిటల్‌కి మారినప్పుడు, మీ కార్యక్రమానికి ఎంత రక్షణ కావాలని వాళ్ళు ఆ కార్యక్రమం నడిపే తెలుగు కమిటీని అడిగారు. ఎవరైనా ఎన్నిసార్లైనా కాపీ తీసుకోవచ్చా, లేక ఇంట్లో డబ్బాలో ఒక్కసారి రికార్డ్ చేసుకుని అక్కడితో ఆపాలా? మన కమిటీ సంగతి తెలుసు కదా. అందరూ సాఫ్ట్‌వేర్, అందులో సగం మంది సెక్యూరిటీలోనే. పగలంతా ఆఫీస్‌లో ప్రతిదానికీ పెద్ద తాళం వెయ్యడమే వాళ్ళ పని. చర్చ కూడా జరగలేదట. "మాగ్జిమమ్ పెట్టండి" అన్నారు. "రేపు మన కంటెంట్ ఎవడైనా కొట్టేస్తే?" అని ఒకాయన అడిగాడట కూడా! ఎవడు కొట్టేస్తాడయ్యా బగారా అన్నాన్ని? ఏమీ తెలీనివాళ్ళైతే ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసేవాళ్ళు. అన్నీ తెలిసినవాళ్ళు కాబట్టే చేసిన పని ఇది. తర్వాత ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతంలో ప్రభాకర్ గారే నాకు ముచ్చటగా చెప్పారు, "మేడం, మీ తాళమే పెట్టించినం. అన్నిటికన్నా పెద్దది."

ఏళ్ళు గడిచాయి. ఛానెల్ మూతపడింది. స్టూడియోవాళ్ళు అప్పటికే పాత కార్యక్రమాల మీదే కొత్తవి ఎక్కించేసుకున్నారు. ఆ మోడల్ డబ్బాలకి కేబుల్ కంపెనీ సర్వీస్ ఆపేసింది. ప్రభాకర్ గారు మాత్రం తన డబ్బాని ఆపలేదు. దుమ్ము పట్టి, వేడెక్కి, టీవీ కింద గుర్రుపెడుతూ ఉండేది. అందులో ఆయన శనివారాలన్నీ ఉన్నాయి.

ఆపరేషన్ అయ్యాక స్పీచ్ థెరపిస్ట్ ఒక మాట చెప్పింది. పాత రికార్డింగులుంటే ఇవ్వండి, వాటిలోంచి ఆయన గొంతులాగే మాట్లాడే గొంతు తయారు చెయ్యొచ్చు, ఆయన టాబ్లెట్‌లో టైప్ చేస్తే అది పలుకుతుంది, తెలుగులో కూడా. కానీ గొంతు శుభ్రంగా, వెనక ఏ రొదా లేకుండా చాలాసేపు ఉండాలి. ఇంట్లో ఫోన్ వీడియోలన్నీ వెతికారు. ప్రతిదాన్లోనూ ఆయన కెమెరా వెనకే. ఒకటో రెండో దొరికినవాటిలో కుక్కర్ విజిల్, పిల్లల కేరింతలు. ఇక మిగిలింది ఆ డబ్బా. టీవీ ముందు ఫోన్ పెట్టి తీస్తే గదిలో రొదంతా కలిసిపోతోంది.

డబ్బా వెనక

"ఆంటీ, కెన్ యూ కమ్? నాన్న వాయిస్ బాక్స్‌లో స్టక్ అయింది" అని స్నిగ్ధ ఫోన్ చేసింది. వెళ్ళాను. ప్రభాకర్ గారు మెడకి మెత్తటి గుడ్డ చుట్టుకుని రిక్లైనర్‌లో కూర్చున్నారు. నన్ను చూసి చేతులు జోడించారు. ఒళ్ళో టాబ్లెట్, అందులో కంపెనీవాడు ఇచ్చిన ఎవరో అమెరికన్ గొంతు. దాంతో తెలుగు పలికిస్తే ఎలా ఉంటుందో అడక్కండి. ఆయన దాన్ని వాడడం మానేసి తల ఊపడంతోనే సరిపెడుతున్నారు.

"మీరే కదా ఆంటీ బిల్డ్ చేశారు. జస్ట్ ఓపెన్ ఇట్" అంది స్నిగ్ధ.

"తెరవలేను నాన్నా."

"ఏదో బ్యాక్‌డోర్ ఉంటుంది కదా. ఇంజినీర్స్ పెట్టుకుంటారు కదా."

"పెట్టలేదు. పెట్టుకోకూడదనే అంత కష్టపడ్డాం."

విజయ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. "నువ్వే చేసినవంట గదా అక్కా. నువ్వు గూడ తియ్యలేవా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. నిజం చెప్పాలంటే, ఆ తాళం అంత గట్టిదని ఆ క్షణంలో కూడా నాకు ఆశ్చర్యంగానే ఉంది. నేను ప్రపంచంలో ఎవరూ తెరవలేని తాళం చేశాను. ఆ "ఎవరూ"లో నేనూ ఉన్నాను.

ఇంకో చిక్కు. గాలుల కాలం కదా, కరెంటు తీగలు తెగి అడవులకి మంటలు అంటుకోకుండా కరెంటు ఆపేస్తామని అప్పటికే నోటీసు వచ్చింది. ఆ డబ్బా ఒకసారి ఆగి మళ్ళీ లేచిందంటే, ఇవి చూపించనా అని కేబుల్ కంపెనీని అనుమతి అడుగుతుంది. జవాబిచ్చేవాడు ఇప్పుడు ఎవడూ లేడు. సర్వీస్ ఆపేసిన తర్వాత ఆ వీధిలో కరెంటు పోకపోవడం వాళ్ళ అదృష్టం. బ్యాటరీకి మారుద్దామంటే ముందు ప్లగ్ పీకాలి కదా! పైగా లోపల డిస్క్ టక్కు టక్కుమంటోంది.

నేను నేల మీద కూర్చుని టార్చి వేసి డబ్బా వెనక్కి చూశాను. దుమ్ము. వేలితో తుడిచాను. ఎర్రది, తెల్లది. వాల్ట్ మొండికేసి ఉంచిన రెండు రంధ్రాలు. నేను తీసేద్దామన్నవి. "స్నిగ్ధా, గ్యారేజ్‌లో పాత వైర్లున్న పెట్టె ఏదైనా ఉందా?" అని అరిచాను. మన ఇళ్ళల్లో వైర్లు పారెయ్యం కదా. ఉంది. ఒక కొసని ఎర్రదానికీ తెల్లదానికీ పెట్టి, రెండో కొస స్నిగ్ధ ల్యాప్‌టాప్‌కి తగిలించి, రిమోట్ నొక్కాను.

"ప్రేక్షక మిత్రులకు సాదర స్వాగతం."

ల్యాప్‌టాప్‌లో పచ్చ గీత ఆ గొంతుతో పాటు లేస్తూ పడుతూ ఉంది. అంటే రికార్డవుతోంది. వాల్ట్ వాళ్ళమ్మని నేను ఎన్నడూ చూడలేదు, ఆవిడకి ప్రభాకర్ గారెవరో తెలీదు. ఆవిడ వినాలని ఉంచిన దారిలోంచి హనుమకొండ మనిషి మాట బయటికి వస్తోంది. కళ్ళ నీళ్ళు ఆగలేదు నాకు. విజయ చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ప్రభాకర్ గారి పెదాలు తెర మీద మాటలతో పాటు కదులుతున్నాయి.

ఇలా తీస్తే తొందరపెట్టడానికి కుదరదు. గంట కార్యక్రమానికి గంటా కూర్చోవాలి. నాలుగైదు రోజులు వరసగా వాళ్ళింట్లోనే ఉన్నాను. పాటలూ డాన్సులూ వచ్చినప్పుడు టీ తాగేవాళ్ళం, ఆయన మాట మొదలవగానే అందరం డబ్బా చుట్టూ చేరేవాళ్ళం. మధ్యలో ఒక పిల్లవాడు స్టేజీ మీద మాట మర్చిపోయి ఏడుస్తుంటే, ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా అందించారు. నేను ఆ మనిషిని ఇన్నేళ్ళుగా ఎరుగుదును. అంత ఓపికగా ఆయన మాట్లాడడం మొదటిసారి విన్నాను.

గాలులు మొదలైన రోజు మధ్యాహ్నం, ఆయన ఎవరినో పరిచయం చేస్తున్న వాక్యం మధ్యలో టప్పున కరెంటు పోయింది. మర్నాడు వచ్చింది. డబ్బా లేచింది, చాలాసేపు ఆలోచించింది, "అనుమతి కోసం వేచి ఉంది" అని చూపించింది. ఇప్పటికీ అలాగే వేచి ఉంది. ఇంకా చాలా శనివారాలు లోపలే ఉండిపోయాయి. వాటిని ఇక ఎవరూ తియ్యలేరు. నా తాళం నిలబడింది. బాధేసింది, లోపల ఎక్కడో అబ్బ, ఏం తాళం అని కూడా అనిపించింది. ఆ రెండూ కలిపి మోయాల్సిన ఉద్యోగం ఇది, చేరేముందు తెలుసుకోండి.

రేపు మీటింగ్‌లో ఎవరైనా మీ ముందు పెన్ను పెట్టి, ఈ సందు మూసేద్దామా అంటే, ఇందులోంచి ఎవరెవరు వింటున్నారు అని అడగండి. తెలీదు అని జవాబొస్తే, మూయకండి. నేను ఇంత సర్వీసులో నేర్చుకున్నది ఇదే, అది కూడా వాల్ట్ దగ్గర.

బయటికి వచ్చిన గొంతు

తీసినంత సరిపోయింది. కొన్ని వారాల తర్వాత స్నిగ్ధ మళ్ళీ పిలిచింది. డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చున్నాం. ప్రభాకర్ గారు టాబ్లెట్ మీద ఒక్క మాట టైప్ చేసి నొక్కారు.

"విజయా" అంది టాబ్లెట్.

ఆయన గొంతే. ఆ చివర కాస్త సాగదీయడంతో సహా. ఇసుకలోంచి లేచిన వాల్ట్ మొహాన్ని చూసి ఆశ్చర్యపోయినదాన్ని, ఇది అంతకంటే పెద్ద ఆశ్చర్యం. మనిషి ఎదురుగా నోరు మూసుకుని కూర్చున్నాడు, ఆయన మాట గదిలో వినపడుతోంది. స్నిగ్ధ రెండు చేతులతో నోరు మూసుకుంది.

విజయ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి కస్సుమంది. "గొంతు మీదే. కాని ఇది టీవీల గొంతు. ఇన్నేండ్లల్ల ఇంట్ల ఎన్నడన్న నాతోని ఇంత మెత్తగ మాట్లాడిన్రా?"

నిజమే. మేము డబ్బాలోంచి తీసింది ఆ గొంతునే. ఇంట్లో అరిచే గొంతు ఎక్కడా రికార్డవ్వలేదు. అది పోయింది. ప్రభాకర్ గారు తలవంచుకుని ఒంటి వేలితో టైప్ చెయ్యడం మొదలుపెట్టారు. చాలాసేపు పట్టింది. మేమంతా ఆ వేలినే చూస్తూ కూర్చున్నాం. నొక్కారు. శనివారం పొద్దుటి ఆ వెన్నలాంటి గొంతు, టీవీలో ఎన్నడూ పలకని హనుమకొండ ఇంటి మాటలో, తొందరపడకుండా అంది:

"ఇగ ఇట్లనే మాట్లాడ్త విజయా. వేరే తొవ్వ లేదు."